నాలుగో నిబంధన

పాటల బృందం పెట్టుకుందామని అరవై దాటిన ఇరవై మందిమి ఒక గదిలో చేరాం. మొదటి శనివారం ఒక్కరూ పాడలేదు. అధ్యక్షుణ్ణి ఎన్నుకున్నాం. రెండో శనివారం ఉపాధ్యక్షులు ఇద్దరుండాలా ముగ్గురుండాలా అని వాదించుకున్నాం. మూడో శనివారం నిబంధనావళి చిత్తుప్రతి చదివాం. నాలుగో శనివారం దాన్ని ఆమోదించి చప్పట్లు కొట్టాం. పాట నేర్పడానికి వచ్చిన మాస్టారు ఈ నాలుగు వారాలూ పియానో మూత మీద మోచేతులు ఆనించి, పేపర్లో పదాల గళ్ళు నింపుకుంటూ కూర్చున్నారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మా అవ్వ అనేది. అవ్వ గిర్మిట్ కింద, అంటే కూలి ఒప్పందం మీద, ఇండియా నుంచి ఈ దీవులకొచ్చి చెరకు నరికిన మనిషి. మా నిబంధనావళి చూసి ఉంటే ఇంకేమనేదో.

ఈ దీవుల రాజధాని సువాలో చదువుకున్న మా తరమంతా ఇంతే. ఒకరు ఆడిటర్‌గా రిటైరయ్యారు, ఒకరు హెడ్మాస్టర్‌గా. నేను బడుల ఇన్‌స్పెక్టర్‌ని. జీవితమంతా మినిట్స్ రాయడం, మినిట్స్ చదవడం. ఒకరు ప్రతిపాదించి ఇంకొకరు బలపరచకుండా మేము ఒక పని చేసి ఎరగం. మా ఇండియా వాళ్ళ పెత్తనం ఎక్కువైందని సైన్యం ప్రభుత్వాన్ని పడగొట్టిన ఏడాది తర్వాత మాతో చదివినవాళ్ళలో సగం మంది సిడ్నీకో ఆక్లాండ్‌కో వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళం సంఘాలు పెట్టుకుని ఒకరి మెడలో ఒకరు దండలు వేసుకుంటూ బతికాం. గుడికి కమిటీ, బడికి కమిటీ, శ్మశానానికి కమిటీ. పాటకు మాత్రం ఎందుకు లేకపోవాలి?

ఈ బృందాన్ని స్థాపించింది నేనని యూనివర్సిటీ వాళ్ళు అచ్చువేసిన కాగితంలో ఉంది. శుద్ధ అబద్ధం. అది మా అక్క గొంతులోంచి పుట్టింది. పుట్టిన చోటు కూడా నాకు తెలుసు. యూనివర్సిటీలో ఒక భవనం మెట్లు.

పాత విద్యార్థులను పిలిచి సభ పెట్టారు. అక్కను తోడు తీసుకెళ్ళాను. సభ ముగిసేసరికి వాన. సువాలో వాన మొదలైతే ఎప్పుడు ఆగుతుందో చెప్పడానికి లేదు కాబట్టి అందరం మెట్ల మీద నిలబడ్డాం. మా పక్కన నిలబడ్డ ఒక ఈతౌకేయి పెద్దమనిషి, ఈ నేల మూలవాసి, మాలాగే పాత విద్యార్థి, ఏదో చర్చి పాట సన్నగా తీస్తున్నారు. అక్క ఉన్నట్టుండి ఆ పాటకు పై స్వరం అందుకుంది. ఆయన పాట ఆపలేదు, తల మాత్రం ఇటు తిప్పారు. గొడుగు విప్పబోతున్నవాళ్ళు విప్పడం మానేశారు. పాట అయ్యాక ఆయన హిందీలో అన్నారు, "ఈ ఆవాజ్ హమ్ జానే." ఈ గొంతు నేనెరుగుదును, అని. ఆయనది మా లబాసా దగ్గరే సముద్రం ఒడ్డు ఊరు, మా హిందీ మాకంటే బాగా వచ్చు. ఆడపిల్లల హాస్టల్ వెనక బట్టలుతికే చోట ఈతౌకేయి ఆడపిల్లలతో కలిసి అక్క పాడుతుంటే, ఆ దారిన పోయే మగపిల్లలు నడక తగ్గించేవాళ్ళట. అక్క ఓఢ్నీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ ముఖం నేను నలభై ఏళ్ళుగా చూడలేదు. మర్నాడే ఆయనకు ఉత్తరం రాశాను, పాత విద్యార్థులం ఒక పాటల బృందం పెట్టుకుందాం, మీరు నేర్పండి అని. పియానో దగ్గర కూర్చున్న మాస్టారు ఆయనే. నాకు పాట మీద అంత మోజేమీ లేదు. ఆ యూనివర్సిటీలో అక్కకు ఈసారన్నా ఒక చోటు దక్కాలని నా ఆశ.

ఈసారన్నా అని ఎందుకన్నానో చెప్పాలి.

మాది ఇంకో దీవిలో, లబాసా దగ్గర వునిమోలి. నాన్నకు కౌలు చెరకు తోట. మేమిద్దరం ఆడపిల్లలం, నాకంటే అక్క నాలుగేళ్ళు పెద్ద. ఈ దీవులకు స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి సంవత్సరం ఆమె సువా యూనివర్సిటీకి వెళ్ళింది. మా వైపు నుంచి అట్లా వెళ్ళిన ఆడపిల్లలు అప్పటికి వేళ్ళ మీద లెక్క. నాన్నది ఒకటే మాట: ఒక పిల్ల బయట ఉంటే ఒక పిల్ల ఇంట్లో ఉండాలి. అక్క మూడో ఏడు చదువుతుండగా అమ్మకు పక్షవాతం వచ్చింది. నేను హైస్కూలు ముగించి ఇంట్లోనే ఉన్నాను. అక్కకు మిగిలింది కొన్ని నెలల చదువు. "నేను అమ్మను చూసుకుంటాను, నువ్వు పూర్తి చేసుకుని రా" అనాల్సింది నేను. అనలేదు. నాకూ అదే యూనివర్సిటీలో సీటు వచ్చిందని కాగితం వచ్చింది, దాన్ని పట్టుకుని మూలన కూర్చుని ఏడ్చాను. ఆ ఏడుపు ఎవరి కోసమో అందరికీ తెలుసు. అక్క ఓడెక్కి వచ్చేసింది.

"నువ్వు పో చెల్లీ," అంది. "సీటు పోతే మల్ల ఇస్తారో లేదో. నాది కోన్చి ఉంది, మల్ల చదువుతా."

కోన్చి అంటే మా హిందీలో ఏమిటి అని. మళ్ళీ చదవలేదు. అమ్మను ఆరేళ్ళు చూసుకుంది. మిల్లులో గుమాస్తాను చేసుకుంది. కూతురిని కని పెంచి టీచర్‌ని చేసింది. భర్త పోయాక సువా వచ్చి మా ఇంటి కింది భాగంలో ఉంటోంది. నేను పట్టా తెచ్చుకున్నాను, ఉద్యోగం చేశాను, ఊరూరా బడులకు వెళ్ళి టీచర్లను నిలబెట్టి ప్రశ్నలడిగాను. ఇప్పుడు ఈ తెలుగు రాస్తున్నానంటే అదీ అక్క పెట్టిన భిక్షే. సాయంత్రం బడిలో నేర్చుకున్న అక్షరాలు ఇంటికొచ్చి వంటింటి గచ్చు మీద బొగ్గుతో రాసి నాకు దిద్దించింది. తర్వాత ఇండియా నుంచి పుస్తకాలు తెప్పించుకుని దాన్ని నేను మెరుగు పెట్టుకున్నాను. మాట్లాడుకునేటప్పుడు మాత్రం మా ఇద్దరిదీ సగం హిందీ.

అయిదో శనివారం ఎట్టకేలకు పాట మొదలైంది. మాస్టారు ఒక్కొక్కరినీ పియానో దగ్గరకు పిలిచి గొంతు చూశారు. ఆడవాళ్ళను రెండు వరసలు, మగవాళ్ళను రెండు వరసలు చేశారు. నల్లబల్ల మీద నాలుగు వరసలకూ నాలుగు రకాల స్వరాలు రాశారు. అక్కను పై వరసలో ముందు నిలబెట్టారు. పాటకు ముందు మగవాళ్ళు యంగోనా గిన్నె దగ్గరకు పోకూడదని గట్టిగా చెప్పారు, అది వేళ్ళు దంచి పిండిన రసం, తాగితే నాలుక మొద్దుబారుతుంది. ఈతౌకేయి వాళ్ళకు ఇబ్బంది లేదు, పుట్టినప్పటి నుంచి చర్చిలో ఎవరి వరస వాళ్ళు పాడుకుంటూ పెరిగారు. ఇబ్బందంతా మాతోనే. మాకు తెలిసిన పాడడం భజన మండలీ పాడడమే. ఒకరు ఒక చరణం అంటే మిగతావాళ్ళు అదే అంటారు. ముందు ఒకరు అనకపోతే మా నోళ్ళు తెరుచుకోవు.

ఆ ముందు అనే మనిషి మాకు దొరికాడు. అధ్యక్షుడి బావమరిది. టైర్ల కొట్టు నడుపుకునేవాడు, ఏ యూనివర్సిటీ గడపా తొక్కలేదు, భజనల్లో మాత్రం ఊరూరా పేరున్నవాడు. బావను కారులో తీసుకొచ్చి, ఊరికే కూర్చోవడం ఎందుకని హార్మోనియం కూడా తెచ్చుకున్నాడు. మనిషి మంచివాడు, అది కూడా చెప్పాలి. నల్లబల్ల మీద ఉన్నదాన్ని ఆయన తన బాణీలోకి మార్చి ఎలుగెత్తి ఒక చరణం పాడాడు. మా వాళ్ళందరూ ప్రాణం లేచొచ్చినట్టు అదే చరణం అందుకున్నారు. నాలుగు వరసలు ఒక వరసైపోయాయి. మూడు శనివారాలు ఇదే తంతు. మూడో శనివారం మాస్టారు నల్లబల్ల తుడిచేసి నా దగ్గరకొచ్చారు.

"సిస్టర్, మండలీ బాగుంది. దీనికి నేనెందుకు?" అన్నారు.

ఆ హార్మోనియం మనిషిని పక్కకు పిలిచి, బాబూ ఇది వేరే రకం పాట, నువ్వు వినడానికి రా, పాడడానికి వద్దు అని ఒక్క మాట చెబితే సరిపోయేది. నొచ్చుకునేవాడు, వారం తర్వాత మర్చిపోయేవాడు. కానీ మా వాళ్ళు ఎవరినీ ముఖాన కాదనరు. రూలు రాస్తారు. మా గుడిలో డోలక్ వాయించే ముసలాయనకు చేతులు వణకడం మొదలైతే, డెబ్బై దాటినవాళ్ళు వాద్యం పట్టకూడదని తీర్మానం చేశారు తప్ప తాతా ఇక చాలు అని ఒక్కరూ అనలేదు. తీర్మానం కాదంటుంది, మనుషులం మంచివాళ్ళంగా మిగులుతాం. ఈ విద్యలో నేను ఆరితేరినదాన్ని, పైగా బృందానికి కార్యదర్శిని. నిబంధనావళి తీశాను. నాలుగో నిబంధనలో, సభ్యత్వానికి అర్హులు "ఈ యూనివర్సిటీలో చదివినవారు" అని ఉంది. దాన్ని "ఈ యూనివర్సిటీ నుంచి పట్టా పుచ్చుకున్నవారు మాత్రమే" అని మార్చి సమావేశంలో పెట్టాను. బావమరిది చదవనే లేదు కదా, మొదటి మాటతోనే ఆయన పోయేవాడు కదా అంటారు. ఆయన ఎప్పుడో ఒక వారాంతం ఆ ఆవరణలోనే టైర్ల కంపెనీ వాళ్ళు పెట్టిన క్లాసుకు వెళ్ళానని చెప్పుకునేవాడు. నాకు సందు లేని రూలు కావాలి.

ఏకగ్రీవంగా ఆమోదించారు. బావమరిదికి ధన్యవాద తీర్మానం చేసి దండ వేశాం. ఆయన అందరి చేతులూ పట్టుకుని ఊపి హార్మోనియం మోసుకుని వెళ్ళిపోయాడు. అధ్యక్షుడు నా వైపు చూసి నవ్వారు. నలభై ఏళ్ళు ఆడిట్ చేసిన మనిషికి ఏ వాక్యం ఎవరి కోసం మారిందో ఇట్టే తెలుస్తుంది.

ఆ రోజు అక్క నా పక్క కుర్చీలోనే ఉంది. ఆ మార్పుకు అనుకూలంగా ఆమె కూడా చెయ్యెత్తింది. ఏం రాసి ఉందో చదవలేదు, నేను రాశాను కదా అని ఎత్తింది. ఆమెకు పట్టా లేదని నాకు గుర్తు రాలేదా అని ఇప్పటికి ఎన్నిసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నానో. రాలేదు. నా కోసం చదువు మానుకున్న మనిషి, ఆ చదువు సంగతే రాస్తున్నప్పుడు నాకు గుర్తు రాలేదు. గుర్తొచ్చి ద్రోహం చేసినా ఇంతకంటే నయంగా ఉండేది.

తర్వాత మూడు నెలలు బాగా గడిచాయి. యూనివర్సిటీ వార్షికోత్సవంలో మాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. మీ వైపు నుంచి ఒక పాట కావాలి, భజన కానిది అని మాస్టారు అడిగారు. మా వాళ్ళు ముఖాలు చూసుకున్నారు. అక్క మెల్లగా ఒక పాట అంది. అవ్వ చెరకు నరుకుతూ పాడినది, అక్కను ఒళ్ళో వేసుకుని మళ్ళీ పాడినది. మాస్టారు కళ్ళు మూసుకుని రెండుసార్లు విని నల్లబల్ల దగ్గరకు పోయి స్వరాలు రాసేశారు. అక్క ఒక్కొక్కరి పక్కన కూర్చుని మాటలు పలికించింది. వాళ్ళు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నారు. ఈతౌకేయి ఆవిడ ఒకరు అర్థం అడిగితే అక్క ఉన్నదున్నట్టు చెప్పింది, "సగం తెలుసు. సగం అవ్వనే అడగాల." ఆ పాట నాలుగు వరసల్లో మొదటిసారి కుదిరిన శనివారం మాస్టారు దాన్ని మళ్ళీ రెండుసార్లు పాడించారు. మా అవ్వ పాటకు ఇన్ని అంతస్తులున్నాయని నాకు అంతవరకూ తెలియదు.

ఇంతలో కార్యక్రమం అచ్చువేయడానికి సభ్యుల వివరాలు కావాలన్నారు. పేరు, పట్టా పుచ్చుకున్న సంవత్సరం. వేదిక మీద పట్టా సంవత్సరం ప్రకారం నిలబడాలని అధ్యక్షుడి ఆలోచన. సీనియర్లు ముందు వరసలో, జూనియర్లు వెనక. గొంతును బట్టి నిలబడాలని మాస్టారు ఎంత చెప్పినా ఎక్కలేదు. కాగితాలు పంచాను. అందరూ నింపి ఇచ్చారు. అక్క తన కాగితం మీద సంవత్సరం రాయాల్సిన చోట, మూడో ఏడు మధ్యలో మానుకున్నాను అని ఇంగ్లీషులో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి మడిచి ఇచ్చింది. నేను విప్పి చూసేలోపే అధ్యక్షుడు కట్టంతా తన ముందుకు లాక్కున్నారు. ఒక్కో కాగితం చదువుతూ అక్కడ ఆగారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. వచ్చే సమావేశానికి ఒక విషయం చేర్చమన్నారు, అంతే.

తర్వాతి శనివారం పాట కంటే ముందు సమావేశం. అధ్యక్షుడు ఇంగ్లీషులో, చాలా మర్యాదగా మాట్లాడారు. ఆ మర్యాదలో ఎంత కసి ఉందో నాకు తెలుసు.

"మన కార్యదర్శిగారు స్వయంగా రాసిన నాలుగో నిబంధన ప్రకారం ఒక సభ్యురాలికి అర్హత లేదని తేలింది. మా బావమరిదికి ఏ నియమమో వారికీ అదే నియమం. వ్యక్తిగతంగా నాకు చాలా బాధగా ఉంది. ఎవరైనా సవరణ ప్రతిపాదిస్తే ఓటుకు పెడతాను."

మాస్టారు లేచారు. "పై వరస ఆమె మీద నిలబడి ఉంది. ఆమె లేకపోతే మిగతావాళ్ళకు దారి తెలియదు. నేను ప్రతిపాదిస్తున్నాను."

"మీకు ఓటు లేదు," అన్నారు అధ్యక్షుడు. నిజమే. నేర్పేవారికే ఓటుంటే పక్షపాతం అవుతుందని ఆయనే చెప్పి, మాస్టారిని సలహాదారుగా రాయించారు. అదీ నా చేతిరాతే.

మాస్టారు అధ్యక్షుణ్ణి వదిలేసి నా వైపు చూశారు. ఒక్కొక్కరూ నా వైపు తిరిగారు. అందరికీ తెలుసు మేము అక్కచెల్లెళ్ళమని. నేను ఒక్క మాట అంటే బలపరచడానికి పది చేతులు సిద్ధంగా ఉన్నాయి, ఆ సంగతి నాకు ఆనాడే తెలుసు. కానీ ఆ మాట అనాలంటే రెండు సంగతులు బయటపెట్టాలి. ఈ నిబంధన ఎందుకు మార్చావు అని అధ్యక్షుడు అడుగుతారు. మీ బావమరిదిని పంపించడానికి అని నేను అందరి ముందూ ఒప్పుకోవాలి. మీ అక్క ఎందుకు మానుకుంది అని ఇంకెవరో అడుగుతారు. నా కోసం అని చెప్పాలి. ఇన్‌స్పెక్టర్‌గా ముప్ఫై ఏళ్ళు ఇతరుల తప్పులు ఎర్రసిరాతో రాసినదాన్ని. నావి నోటితో చెప్పలేకపోయాను. తల వంచుకుని మినిట్స్ పుస్తకంలో తేదీ రాశాను. హాజరైనవారి సంఖ్య రాశాను.

"ప్రతిపాదన లేదు కాబట్టి తర్వాతి విషయం," అన్నారు అధ్యక్షుడు.

ప్రతిపాదన లేదు అని నేనే రాశాను. కత్తిపోటు తప్పినా కలంపోటు తప్పదంటారు. తాను తీసిన గోతిలో తానే పడతాడని కూడా అంటారు, అదైనా జరగలేదు, నేను తీసిన గోతిలో అక్క పడింది. ఆమె అప్పుడు గది వెనక టీ బల్ల దగ్గర కప్పులు తిప్పి పెడుతోంది. అంతా వింది. టీ పోసి అందరికీ ఇచ్చింది. మాస్టారు కప్పు తీసుకోలేదు. నాకు ఎప్పటిలాగే రెండు చెంచాల చక్కెర వేసి ఇచ్చింది. నేను తాగాను.

ఆ తర్వాత నేను చేసిన పని ఇంకా సిగ్గుచేటు. అనుబంధ సభ్యురాలు అని కొత్త పదవి కనిపెట్టాను. అనుబంధ సభ్యులు సాధనకు రావచ్చు, నేర్పవచ్చు, వేదిక ఎక్కకూడదు. దీనికి మాత్రం ప్రతిపాదన నేనే పెట్టాను, నోరు బాగానే పెగిలింది. అక్క ఒప్పుకుంది. ఆరు శనివారాలు వచ్చి, తాను నిలబడాల్సిన చోట నిలబడబోయే ఆవిడకు తన వరస అంతా నేర్పింది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ తీసుకోకూడదో కూడా చెప్పింది. నేను చూస్తూ కూర్చున్నాను.

వార్షికోత్సవం రోజు పొద్దున నా నీలం చీర ఇస్త్రీ చేసి పెట్టింది. తలనొప్పిగా ఉంది, రాలేనంది. వేదిక మీద మూడో వరసలో నిలబడి నోరు తెరిచాను, మూశాను. గొంతు వచ్చిందో లేదో తెలియదు. అవ్వ పాటకు జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అచ్చువేసిన కాగితంలో ఆ పాట ఎదురుగా "తెలుగు జానపదం" అని ఉంది, అంతే, ఎవరు పాడితే నేర్చుకున్నామో లేదు. అధ్యక్షుడు మన సంస్కృతి గురించి, మన పూర్వీకుల గురించి ప్రసంగించారు. ఆయనకు తెలుగులో రెండు శ్లోకాలు, ఒక హారతి పాట తప్ప ఇంకేమీ రావు. నన్ను వ్యవస్థాపకురాలని పిలిచి సలూసలూ మెడలో వేశారు. పూలూ రిబ్బన్లూ కలిపి అల్లిన ఆ దండ మెడ మీద దురద పెడుతుంటే కారులో ఇంటికొచ్చాను. అక్క గదిలో లైటు వెలుగుతోంది. తలుపు తట్టే ధైర్యం లేకపోయింది.

రెండు వారాల తర్వాత సమావేశంలో లేచి నిలబడి, నాలుగో నిబంధనను పాత మాటలోకి మార్చాలని ప్రతిపాదించాను. ఎందుకు మార్చానో కూడా చెప్పేశాను, బావమరిది సంగతీ, అక్క సంగతీ. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అధ్యక్షుడే బలపరిచారు. మొత్తం అయిదు నిమిషాలు పట్టింది. అంత తేలికైన పని అది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ కాగితం పట్టుకుని ఇంటికి పరిగెత్తాను.

అక్క కింద వరండాలో పీట మీద కూర్చుని రౌరౌ ఆకుల, అంటే చేమాకుల, ఈనెలు తీస్తోంది. కూరకు ఆ ఆకు ఆమె చేత్తో బాగు చేస్తేనే గొంతు దురద పెట్టదు. నేను కాగితం ముందు పెట్టి, రూలు మార్పించాను, వచ్చే శనివారం నుంచి నీ చోటు నీదే అన్నాను. ఆమె చేతిలో ఉన్న ఆకు పని ముగించి పక్కన పెట్టింది.

"మంచిది," అంది. "నేను రాను."

"తప్పు చేశానక్కా. అందరి ముందూ ఒప్పుకున్నాను."

"అందరి ముందు ఒప్పుకున్నవ్. నాకాడ ఒప్పుకోలా." ఇంకో ఆకు తీసుకుంది. "ఆ దినం నేను టీ బల్లకాడ నిలబడుండా. చెల్లి ఇప్పుడు చెప్తాది, ఇప్పుడు చెప్తాది అనుకుంటా ఉండా. నువ్వు రాస్తా ఉండావు."

నేను ఏదో అనబోయాను. పెద్దవాళ్ళందరి ముందు, పరువు, అధ్యక్షుడు, అని నోటికొచ్చిందేదో అన్నాను.

"చదువు మానుకున్నది నేనే. నన్నెవరూ పంపలా. అమ్మ కోసం, నీ కోసం వచ్చినా. ఎప్పుడూ బాధపడలా," అంది, ఆకుల మీదనుంచి చూపు ఎత్తకుండా. "ఈ తూరి నన్ను పంపించినావు. పాట కోన్చి, నాకు ఇంట్లో ఉంది, గుడిలో ఉంది. నాకు ఆ దినం కావాల్సింది చెల్లెలు. బస్. కుండలో నీళ్ళు పెట్టు."

కుండలో నీళ్ళు పెట్టాను. ఆ నెలాఖరుకు అక్క సామాను సర్దుకుని కూతురి దగ్గరకు, పడమటి ఒడ్డున లౌటోకా పక్కనున్న నటబువాకు వెళ్ళిపోయింది. పోట్లాడి వెళ్ళలేదు. కూతురు లౌటోకా బడిలో టీచరు, రమ్మని ఎప్పటి నుంచో అడుగుతోంది, వెళ్ళింది. ఆదివారాలు ఫోన్ చేస్తుంది. బీపీ మాత్రలు వేసుకుంటున్నావా అంటుంది, మార్కెట్లో బెండకాయల సంగతి చెబుతుంది. బృందం ఊసు ఆమె ఎత్తదు, నేనూ ఎత్తను. బృందం బాగానే నడుస్తోంది. నేను ఇంకా కార్యదర్శినే. మాస్టారు వస్తారు, నేర్పుతారు, నాతో అవసరమైనంత వరకే మాట్లాడతారు.

పోయిన నెల చెప్పకుండా నటబువా వెళ్ళాను. పొద్దున్నే సువాలో బస్సెక్కితే మధ్యాహ్నానికి దిగాను. బస్సు ఆగే చోటికి ఎదురుగానే మేనకోడలి ఇల్లు, ఆమె ఇంకా బడి నుంచి రాలేదు. గేటు దగ్గరకు రాగానే వంటింట్లోంచి పాట వినిపించింది. అవ్వ పాట కాదు. నేనెన్నడూ వినని పాట, తెలుగే. ఇంత కాలం ఒకే ఇంట్లో ఉన్నాం, ఇట్లాంటిది ఒకటి ఆమె దగ్గర ఉందని నాకు తెలియదు. గొంతు ఆ మెట్ల మీద ఎంత బాగుందో అంత బాగుంది. వింటూ నిలబడి ఉండాల్సింది. నాకు ఓపిక లేకపోయింది, గేటు గడియ తీశాను. చప్పుడుకు పాట ఆగింది.

"ఎవరు?" అంది లోపలి నుంచి.

"నేనే అక్కా."

"రా. తిన్నావా?"

అన్నం పెట్టింది. చింతకాయ పచ్చడి వేసింది. సాయంత్రం దాకా ఉన్నాను. ఆమె గిన్నెలు కడిగింది, బట్టలు మడిచింది, పప్పు ఏరింది, నా మోకాలి నొప్పికి నూనె రాసింది. ఇంత సేపట్లో ఒక్క కూనిరాగం తీయలేదు. ఆ పాట ఏంటక్కా అని అడిగితే, ఏ పాట అంది. వేళయిందని గేటు దాకా వచ్చి సాగనంపి లోపలికి వెళ్ళింది. నేను రోడ్డు దాటి బస్సు కోసం నిలబడ్డాను. బస్సు ఇంకా రాలేదు. వంటింటి కిటికీ లోంచి, మధ్యాహ్నం ఆగిన చోటి నుంచే, పాట మళ్ళీ మొదలైంది.